వినపడలేదన్న మాట

మూడో అంతస్తు గది,
సోమవారం సాయంత్రం

అత్తయ్యా,

నీ ఉత్తరం అందింది. ఫోన్ చేస్తే నువ్వు అలవాటుగా కుడి చెవికే పెడతావు, అది సగం మాటలు మింగేస్తుంది కాబట్టి నేనూ ఉత్తరాలకే అలవాటు పడ్డాను. ఇరవై తొమ్మిదేళ్ళ పిల్ల స్టాంపులు కొంటుంటే పోస్టాఫీసు కౌంటర్లో ఆవిడ నావైపు జాలిగా చూస్తోంది.

కొత్త ఉద్యోగం ఎలా ఉందని అడిగావు. చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళకి మా వర్క్‌షాపులో రబ్బరు చేతులు చేస్తాం. అచ్చు పోసేది ఒకాయన. ఎప్పుడు చూసినా మోచేతుల దాకా ప్లాస్టర్‌లో ఉంటాడు. మనసులో ఆయనకి అచ్చులాయన అని పేరు పెట్టుకున్నాను. రంగు వేసేది నేను. ఆ తర్వాత గోళ్ళు అతికించి, రంగు పోకుండా పైన పూత పూసేది ఇంకొకాయన. పాతికేళ్ళుగా అదే పని, గోళ్ళలో ఆయన్ని మించినవాడు లేడు. ఆయన గోళ్ళాయన. అందరి మీదా పెద్దావిడ. వాళ్ళంతా ఈ దేశంవాళ్ళే, మనవాళ్ళలో నేనొక్కదాన్నే.

నా పని నాకు ప్రాణం అత్తయ్యా. మనిషి వచ్చి కిటికీ వెలుగులో కూర్చుంటాడు. ఉన్న చెయ్యి నా బల్ల మీద పెడతాడు. దాన్ని చూస్తూ రంగులు కలుపుతాను. పోయిన వారం ఒక బస్సు డ్రైవరు రెండు చేతులూ పక్కపక్కన పెట్టుకుని, ఇందులో నాది ఏదో చెప్పుకోండి చూద్దాం అని నన్నే ఆటపట్టించాడు. ఆ రోజంతా నాకు ఆకలి వెయ్యలేదు.

ఇంకో సంగతి ఉంది. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నా గదికీ వాళ్ళ గదికీ మధ్య అద్దం గోడ. అవతల అరగదీసే మెషీన్, దుమ్ము లాగే ఫ్యాను. అక్కడ గొంతు చించుకుని అరిచినా ఇవతలికి ఒక్క ముక్క రాదు. కానీ మనకి శబ్దంతో పనేముంది? మిల్లులో మగ్గాల మోతకి మీరంతా పెదాలు చూసి మాట్లాడుకోవడం నేర్చారు కదా. ఇంటికొచ్చాక కూడా నువ్వూ, నీ మిల్లు స్నేహితురాలు పిచ్చుకత్తా మా వంటగదిలో కూర్చుని చప్పుడు లేకుండా ఊరందరి గుట్టూ విప్పేవారు. చిన్నపిల్ల దీనికేం తెలుస్తుందిలే అనుకునేవారు. మధ్యలో కూర్చుని ఆరేళ్ళకే అన్నీ నేర్చేసుకున్నాను.

శుక్రవారం గోళ్ళాయన అచ్చులాయనతో నవ్వుతూ ఏదో అంటున్నాడు. ఊరికే తలెత్తి చూశాను. "ఆ మసిబొగ్గు ముట్టుకున్న చెయ్యి ఎవరు తొడుక్కుంటారు? ముందు కడగాలి" అన్నాడు. మసిబొగ్గు అంటే నేనే, నా ఒంటి రంగు. అచ్చులాయన నవ్వలేదు, కాదని అనలేదు. నేను చూస్తున్నానని తెలిసి గోళ్ళాయన చెయ్యి ఊపి పలకరించాడు. నేనూ ఊపాను. అదే నాకు ఎక్కువ మండుతోంది, నేను తిరిగి చెయ్యి ఊపడం.

ఏం చెయ్యమంటావు?

అన్నట్టు పిచ్చుకత్త ఎక్కడుంది? ఏడేళ్ళప్పుడు ఆమె కళ్ళజోడు తొక్కేశాను, ఆ తర్వాత ఆమె మనింటికి రాలేదు. నా మీద కోపంతోనే మానేసిందని ఇప్పటికీ అనుకుంటాను.

నీ మేనకోడలు

*

చెప్పుల షాపు పైన,
గురువారం

ఒసే రంగులరాణీ,

ఉత్తరం రెండుసార్లు చదివాను. వాడి గోళ్ళు ఊడ.

అయినా పెద్దదాన్ని కాబట్టి చెబుతున్నాను, విను. ఏనుగు పోతుంటే కుక్కలు మొరుగుతాయి. నీకు అది ఆరు నెలల పరీక్షా కాలం, వాడికి పాతికేళ్ళ పాతుకుపోయిన వేరు. వాడు నీ ముఖం మీద అనలేదు. అద్దం అవతల అన్నాడు. ఆ అద్దం వైపు వీపు పెట్టి కూర్చో. చూడకపోతే ఆ మాట లేనట్టే. నేను ముప్పై ఏళ్ళు మిల్లులో నెట్టుకొచ్చింది అలాగే. నీ పని నీ తరఫున మాట్లాడుతుంది.

కింద చెప్పులాయన కొత్త బోర్డు పెట్టాడు. దానికి లైట్లు కూడా పెట్టించాడు. నా గది ఇప్పుడు సాయంత్రమైతే ఎర్రగా, పచ్చగా వెలుగుతోంది. వయసులో లేని వైభోగం ఇప్పుడొచ్చింది.

మోకాలు ఫరవాలేదు. మీ నాన్న మాత్ర వేసుకుంటున్నాడో లేదో కనుక్కో. నా తమ్ముడే అయినా వాడి మాట నమ్మడానికి లేదు.

వేళకి తిను.

మీ అత్తయ్య

*

మూడో అంతస్తు గది,
నెల తర్వాత, ఆదివారం

అత్తయ్యా,

నువ్వు చెప్పినట్టే బల్ల తిప్పుకున్నాను. అద్దానికి వీపు పెట్టి నెల రోజులు పని చేశాను. కిటికీ వెలుగు కుడి పక్క నుంచి రావడం మొదలైంది, నా నీడ నా పని మీదే పడేది. అదీ భరించాను.

ఈలోగా నేను రంగు వేసిన చేతులు వెనక్కి రావడం మొదలైంది. మొదట ఒక టీచరమ్మది. పాలిపోయి, సున్నం కొట్టిన గోడలా ఉంది. నేను అలా వెయ్యలేదు. పెద్దావిడ ఈసారి జాగ్రత్త అంది. రెండోది ఆ బస్సు డ్రైవరుదే. ఆయన కోప్పడలేదు, "అమ్మాయీ, ఆ రోజు సరిపోయింది కదా" అన్నాడు. పెద్దావిడ హెచ్చరిక కాగితం చేతికిచ్చింది. మూడోది వెనక్కి వస్తే నన్ను రంగుల పని నుంచి తీసేస్తారు.

అప్పుడు బల్ల మళ్ళీ తిప్పాను. అద్దంలోంచి చూశాను. నేను పంపిన చేతిని గోళ్ళాయన స్పిరిట్ గుడ్డతో తుడుస్తున్నాడు. వేలు వేలూ, సందు సందూ తుడిచాడు. పూత పడకముందు నా పైరంగు ఇంకా పచ్చిగా ఉంటుంది, స్పిరిట్ తగిలితే లేచిపోతుంది. తుడుస్తూ అచ్చులాయనతో అదే మాట అన్నాడు. కడగాలి అన్నది మాట కాదు అత్తయ్యా, నెల నుంచి నిజంగానే కడుగుతున్నాడు. నా వీపు వెనకాల.

వెంటనే వెళ్ళి పెద్దావిడతో చెప్పాను. నువ్వు ఆ మాట విన్నావా అని అడిగింది. చూశాను అన్నాను. మాటని చూడటమేమిటి అని కాసేపు నన్ను ఎగాదిగా చూసింది. గోళ్ళాయనని పిలిస్తే, దుమ్ము అంటుకుంటే తుడవడం మామూలే అన్నాడు, రంగు సరిగ్గా పట్టించడం రాక నెపం తన మీదకి నెడుతున్నానన్నాడు. అచ్చులాయనని అడిగింది. ఆయన నేల చూస్తూ, "మెషీన్ మోతలో నాకేమీ వినపడలేదమ్మా" అన్నాడు.

వచ్చే నెల మొదటి వారంలో విచారణ. అప్పటిదాకా ఆధారం తెచ్చుకోమంది. లేకపోతే తోటివాడి మీద అబద్ధం చెప్పినదాన్ని అవుతాను.

నీ సలహా నాకు పనికిరాలేదు. చూడకపోతే ఆ మాట లేనట్టే అన్నావు. అది ఉంది. ముప్పై ఏళ్ళు అలాగే నెట్టుకొచ్చానన్నావు కదా, నిజంగా నీకేమీ కాలేదా? లేక నీ బదులు ఇంకెవరికైనా అయిందా?

పిచ్చుకత్త గురించి అడిగితే చెప్పలేదు నువ్వు.

నీ మేనకోడలు

*

చెప్పుల షాపు పైన,
శనివారం

తల్లీ,

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. మూడు కాగితాలు చింపేశాను. ఇది నాలుగోది, దీన్ని చింపను.

పిచ్చుక నీ మీద కోపంతో మానెయ్యలేదు. మానేసింది నా వల్ల.

మిల్లులో మనవాళ్ళం ఇద్దరమే. దాని మగ్గం నా మగ్గానికి ఎదురు. పొట్టిగా ఉండి, గూట్లో పిట్టలా ఎప్పుడూ పెదాలు కదుపుతూనే ఉంటుందని నేనే ఆ పేరు పెట్టాను. ఒకరోజు అది కుళాయి దగ్గర గ్లాసుతో నీళ్ళు తాగొచ్చింది. మా మేస్త్రీ ఆ గ్లాసు తీసి చెత్తబుట్టలో పారేశాడు. దాని మగ్గం దగ్గరికొచ్చి, మీ జాతి మూతి పెట్టిన గ్లాసు కుక్క కూడా ముట్టదు అన్నాడు. ఇంకా అన్నాడు, అవి నేను రాయను. నేను ఎదురుగా ఉన్నాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా అన్నీ నాకు తెలుసు.

పిచ్చుక ఊరుకునే రకం కాదు, ఆఫీసులో ఫిర్యాదు ఇచ్చింది. నన్ను సాక్షిగా పిలిచారు. ముందురోజే మేస్త్రీ నా దగ్గరికొచ్చి, తీసేసేవాళ్ళ జాబితా తయారవుతోంది, నీ పేరు ఉంచాలో లేదో చూస్తున్నా అన్నాడు. మీ మామయ్య అప్పటికి నాలుగు నెలలుగా మంచం మీద. ఇది సాకు కాదు. ఉన్న సంగతి చెబుతున్నాను.

ఆఫీసు గదిలో పిచ్చుక నా ఎదురుగానే కూర్చుంది. "మగ్గాల మోతలో నాకేమీ వినపడలేదు" అన్నాను. మిల్లులో ఆ మాట ఎంత పచ్చి అబద్ధమో అక్కడున్న ప్రతి కార్మికుడికీ తెలుసు. మాలో చెవులతో వినేవాళ్ళు ఎవరు? అందరికీ తెలిసినా, ఆఫీసువాళ్ళకి తెలియదు కాబట్టి అది నిలబడింది. పిచ్చుక చప్పుడు లేకుండా పెదాలతో, "చూశావు కదా" అంది. నేను తల దించుకున్నాను. తల దించుకుంటే పెదాలు కనపడవు. మిల్లులో చెవులు మూసుకోవడం అంటే అదే.

పై నెలకి దాన్ని అబద్ధాలకోరని తీసేశారు. నా ఉద్యోగం మిగిలింది. నా కుడి చెవి పోయినప్పుడు చేసిన పాపం తగిలిందేమో అనుకున్నాను. పాపం కాదు, మగ్గం మోతే తగిలింది. పాపమైతే రెండు చెవులూ పోవాల్సింది.

నువ్వు కళ్ళజోడు తొక్కింది ఆ వారంలోనే. నీ మీద అలిగిందని నువ్వు అనుకుంటుంటే నాకు సుఖంగా ఉండేది. ఇరవై రెండేళ్ళు ఆ నింద ఏడేళ్ళ పిల్ల నెత్తిన పెట్టి నేను దులుపుకున్నాను.

అద్దానికి వీపు పెట్టమని నీకు సలహా ఇచ్చింది ఈ మనిషి. ఇక నుంచి నా సలహా వినాలో వద్దో నువ్వే చూసుకో.

మీ అత్తయ్య

*

మూడో అంతస్తు గది,
బుధవారం

అత్తయ్యా,

రెండు రోజులు నీకు రాయకూడదనుకున్నాను. నాకు కోపం వచ్చింది, ఇంకా పోలేదు. ఒకసారి నా పుట్టినరోజుకి నువ్వు బొమ్మ కొనిస్తే, అది పిచ్చుకత్తకి ఇచ్చి కళ్ళజోడుకి సరిపెట్టమన్నాను. నీకు గుర్తుందా? నువ్వు ఆ బొమ్మ తీసుకుని బీరువాలో పెట్టావు.

ఈ రోజు భోజనాల వేళ అచ్చులాయన ఒంటరిగా కనపడ్డాడు. బకెట్లో చేతులు కడుక్కుంటున్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు. అప్పుడు నాకు ఆయన కనపడలేదు అత్తయ్యా, నువ్వు కనపడ్డావు. ఆయనకి ఇద్దరు పిల్లలు, భార్య ఇంకో ఊళ్ళో పని చేస్తుంది. గోళ్ళాయనే ఆయన్ని ఈ ఉద్యోగంలో పెట్టించాడట. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు సులువుగా ఉండేది.

నిన్ను ఒకటి అడగాలి. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించనా? ఆయనకి మన భాష రాదు కాబట్టి నేనే వాళ్ళ మాటల్లోకి మార్చి చెబుతాను. నీ పేరూ, మన చుట్టరికమూ చెప్పను. వద్దంటే వద్దు. ఆ ఉత్తరం నీది.

విచారణ ఇంకా పన్నెండు రోజులుంది.

నీ మేనకోడలు

*

చెప్పుల షాపు పైన,
శుక్రవారం

తల్లీ,

చదువు. మొత్తం చదువు. మామయ్య మంచం సంగతి దగ్గర జాలిగొంతు పెట్టకు. ఆ మనిషి మా అత్తయ్యే అని చెప్పు. ఎవరో ఒకావిడ అంటే కథ అనుకుంటాడు.

చదివాక నువ్వేమీ అడగకు. లేచి వచ్చెయ్యి. అడిగితే ఆయన నీకు జవాబు చెబుతాడు. అడగకపోతే తనకి తాను చెప్పుకోవాలి.

ఇంకా రెండు పనులు. వాడు ఏ రోజు, ఏ వేళ, ఏమన్నాడు, పక్కన ఎవరున్నారు, గుర్తున్నదంతా ఒక పుస్తకంలో రాసి పెట్టు. పిచ్చుక ఇవేవీ రాయలేదు, మొత్తం నా నోటి మీదే పెట్టుకుంది. ఇక నుంచి ఏ చెయ్యి పంపినా ముందు పెద్దావిడకి వెలుగులో చూపించి సంతకం పెట్టించు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనింటి ఆచారం, నువ్వైనా మాను.

బొమ్మ బీరువాలోనే ఉంది.

మీ అత్తయ్య

*

మూడో అంతస్తు గది,
మంగళవారం

అత్తయ్యా,

ముందు ఫలితం చెబుతాను, లేకపోతే నువ్వు ఉత్తరం చివరికి పరిగెత్తుతావు. నా ఉద్యోగం నిలిచింది.

నీ ఉత్తరం ప్లాస్టర్ బస్తాల మీద కూర్చుని చదివాను. ఆయన చివరి దాకా అచ్చు చెక్కుతూనే విన్నాడు. తల దించుకుంటే పెదాలు కనపడవన్న చోట ఉలి ఆగింది. మా అత్తయ్య అని చెప్పి, నువ్వన్నట్టే లేచి వచ్చేశాను. ఆ తర్వాత వారం రోజులు ఆయన నాతో ఒక్క మాట మాట్లాడలేదు. నీ సలహా మళ్ళీ కొంప ముంచిందనే అనుకున్నాను, క్షమించు.

నిన్న విచారణ. పెద్దావిడ, ఆఫీసు నుంచి ఇంకొకావిడ, మేం ముగ్గురం. నేను పుస్తకం చూసి తేదీలతో సహా చదివాను. గోళ్ళాయన నవ్వుతూ, అద్దం అవతల మూసిన తలుపుల వెనక మాట ఈ అమ్మాయికి ఎలా వినపడిందో అడగండి అన్నాడు. ఆఫీసావిడ బయటికెళ్ళి, అద్దం అవతల నిలబడి, ఫ్యాను వేయించి ఏదో అంది. నేను పెద్దావిడతో, "మా అబ్బాయికి లెక్కల్లో మార్కులు తక్కువొచ్చాయి" అంటున్నారని చెప్పాను. లోపలికొచ్చి ఆవిడ, ఆ సంగతి ఇంకెవరికీ చెప్పకమ్మా అంది.

అయినా గోళ్ళాయన ఒప్పుకోలేదు. ఒకటి సరిగ్గా చదివితే అన్నీ సరిగ్గా చదివినట్టా, నేను సరదాగా వేరే ఏదో అని ఉంటాను అన్నాడు. అప్పుడు పెద్దావిడ అచ్చులాయన వైపు తిరిగింది. ఆయన నేల చూస్తున్నాడు. చాలాసేపటికి తలెత్తాడు, ఆవిడ వైపు కాదు, నావైపు.

"వినపడింది. ప్రతిసారీ వినపడింది. నేను పక్కనే ఉన్నాను" అన్నాడు.

జేబులోంచి ఒక గుడ్డ తీసి బల్ల మీద పరిచాడు. స్పిరిట్ గుడ్డ. చెత్తలో వేసినదాన్ని తీసి దాచాడట. దాని నిండా నా రంగులున్నాయి అత్తయ్యా. ఒక మూల టీచరమ్మ, ఒక మూల బస్సు డ్రైవరు. నేను కలిపిన రంగు నాకు తెలియదా? నా బల్ల మీది రంగుల నమూనాలు తెచ్చి పక్కన పెడితే పెద్దావిడకీ తెలిసింది. దుమ్ము తుడిస్తే ఇంత రంగు రాదని ఆవిడే అంది. గోళ్ళాయన, ఇంత చిన్న మాటకి ఇంత రాద్ధాంతమా అన్నాడు. అంటే అన్నట్టే కదా. అప్పుడు మాత్రం గది అంతా అతని వైపే చూసింది.

అతన్ని పనిలోంచి తీసేశారు. నా హెచ్చరిక కాగితం నా ముందే చింపబోయింది పెద్దావిడ. చింపొద్దన్నాను. ఇది తప్పుగా ఇచ్చామని దాని మీదే రాసి సంతకం పెట్టమన్నాను, వెనక్కి వచ్చిన చేతుల యజమానులకి తప్పు రంగుది కాదని ఉత్తరాలు రాయమన్నాను. అంత ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఆవిడ రెండూ చేసింది. మొదటి రోజే నేను సరిగ్గా అడిగి ఉండాల్సింది అని కూడా అంది. ఈ రోజు నుంచి పూత కూడా నేనే పూస్తున్నాను.

ఈ రోజు టీ గదిలో కొందరు అచ్చులాయన పక్కన కూర్చోలేదు. నేను వెళ్ళి కూర్చున్నాను. ఆయన క్షమించమన్నాడు. ఇంకా టైం పడుతుందని చెప్పాను. సరే అని చక్కెర డబ్బా నా ముందుకి జరిపాడు. మీ అత్తయ్య ఇప్పుడు ఆ స్నేహితురాలితో మాట్లాడుతోందా అని అడిగాడు. అడిగి చెబుతానన్నాను.

నువ్వే చెప్పు.

నీ మేనకోడలు

*

చెప్పుల షాపు పైన,
సోమవారం

నా బంగారుతల్లీ,

నీ ఉత్తరం చదివి ఏడ్చాను. తర్వాత లేచి తల దువ్వుకున్నాను. ఆ అచ్చులాయన అడిగినదానికి జవాబు నా దగ్గర లేదు, తెచ్చుకోవాలి కదా.

దాని అడ్రసు నాకు ఎప్పుడూ తెలుసు. రెండు బస్సులు మారితే చాలు. ఇరవై రెండేళ్ళలో ఆ రెండో బస్సు నేను ఎక్కలేదు. నిన్న ఎక్కాను.

కింది అంతస్తు ఇల్లు. వీధిలోకి కిటికీ. నేను తలుపు కొట్టకముందే అది కిటికీ అద్దం అవతల కనపడింది. జుట్టు మొత్తం తెల్లబడింది, ఇంకా పొట్టిదైంది. నన్ను గుర్తుపట్టింది. తలుపు తియ్యలేదు. అక్కడే నిలబడి పెదాలతో, ఎందుకొచ్చావు అంది.

నేనూ చప్పుడు లేకుండానే, ఆ రోజు చూశాను అన్నాను.

తెలుసు అంది.

ఇక ఏం మిగిలిందని వచ్చాను అనిపించింది. తల దించుకోబోయాను, అలవాటు కదా. నీ అచ్చులాయన గుర్తొచ్చి ఆపుకున్నాను. అది నా ముఖంలోకే చూస్తూ, "గట్టిగా చెప్పు" అంది.

చెప్పాను. నడివీధిలో నిలబడి, "అంతా చూశాను, అంతా విన్నాను, అబద్ధం చెప్పాను" అని అరిచాను. సగం చెవిటిదాన్ని, నా గొంతు ఎంత పెద్దదో నాకేం తెలుసు. ఎదురింటాయన కిటికీ తీశాడు. సైకిలు మీద పోతున్నావిడ ఆగిపోయింది. ఎవరైనా పోలీసులని పిలుస్తారేమో అనుకున్నాను.

పిచ్చుక తలుపు తీసింది.

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. నన్ను లోపల కూర్చోబెట్టి టీ ఇచ్చింది, రెండు గంటలు నన్ను తిట్టింది. నా ఎడమ చెవి వైపు జరిగి కూర్చుని మరీ తిట్టింది, ఒక్క ముక్క కూడా పోకూడదని. ఆ తర్వాత నీ సంగతి అడిగింది. మొత్తం చెప్పాను. ఆ గుడ్డ సంగతి మళ్ళీ మొదటి నుంచి చెప్పించుకుంది. ఆ అచ్చులాయన తల ఎత్తడానికి ఎంతసేపు పట్టిందని అడిగింది. చాలాసేపట అన్నాను. ఎత్తాడు కదా, నయం అంది.

వచ్చే ఆదివారం నిన్ను తీసుకుని రమ్మంది. బొమ్మ నేను తెస్తాను, నీ చేత్తో నువ్వే ఇవ్వు. కళ్ళజోడు మాత్రం ఈసారి నేల మీద పెట్టనంటోంది.

మీ అత్తయ్య